డెన్నీ చూపుడువేలు

మంగళవారం పొద్దున పదింటికి, ఊరంతా చూస్తుండగా, జెరోమ్ టూమీ తన స్నేహితుడి వేలు కోయడానికి బయల్దేరాడు.

స్నేహితుడంటే కంచు స్నేహితుడు. కస్టమ్స్ హౌస్ దాటాక నది గట్టు మీద నిలబెట్టిన రేవు కూలీ విగ్రహం. ఎడమ భుజాన కొక్కెం, నెత్తిన టోపీ, కుడి అరచెయ్యి పక్కనున్న కంచు పలకల దొంతర మీద ఆనించి, వేళ్ళు అంచు దాటి గాలిలో ఉంటాయి. దిమ్మ మీద పేరేమీ లేదు, 'కార్క్ రేవులో చెమటోడ్చిన వాళ్ళకి' అని మాత్రం చెక్కారు. కానీ ఆ వంకర ముక్కూ, ముందుకి పొడుచుకొచ్చిన ఆ గడ్డమూ చూస్తే, ఉత్తరపు కొండ మీది ఇళ్ళల్లో ఎవరైనా చెప్పేస్తారు డెన్నీ క్రీడన్ అని. శిల్పం చేసే పిల్ల అతన్ని మూడు నెలలు తన షెడ్డులో కూర్చోబెట్టుకుని చేసింది. అది గట్టు మీదికి వచ్చేసరికి డెన్నీ లేడు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. వచ్చే ఆదివారానికి ఏడాది. ఆ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక పాత రేవు కూలీలంతా ఇక్కడికొచ్చి దండ వెయ్యాలని అనుకున్నారు.

ఆదివారం లోపల ఈ పని అయిపోవాలని జెరోమ్ పట్టుదల.

దొంగపని చీకట్లో చేసేవాడు పట్టుబడతాడు. ఒంటి మీద మెరిసే పసుపు కోటు వేసుకుని, పక్కన ఒక ట్రాఫిక్ కోన్ పెట్టుకుని పట్టపగలు చేసేవాణ్ణి ఎవరూ అడగరు. నలభై ఏళ్ళు రేవులో బతికిన మనిషికి ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. జెరోమ్ కోన్ దించాడు. సంచీలోంచి ఇనుము కోసే హాక్సా, ఆకురాయి, ఒక కొవ్వొత్తి ముక్క, బూటు పాలిష్ డబ్బా తీసి పలకల మీద వరసగా పెట్టుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర కాగితం పట్టీ గట్టిగా చుట్టాడు. పట్టీ అంచు వెంట కోస్తే గీత వంకర పోదు. బ్లేడుకి కొవ్వొత్తి రుద్దాడు. ముందు రెండు మూడుసార్లు వెనక్కి లాగి గాడి చేశాడు, తర్వాత ముందుకి తోశాడు.

కంచు కీచుమంది. పిల్లబండి తోసుకుంటూ పోతున్న ఒకావిడ ఆగింది.

"మునిసిపాలిటీ వాళ్ళేనా? మా సందులో దీపం ఆరిపోయి ఆరునెలలైంది."

"దీపాలు నావి కావమ్మా," అన్నాడు జెరోమ్ తలెత్తకుండా. "నేను వేళ్ళు మాత్రమే చూస్తాను."

"ఒక్కొక్క వేలికి ఒక్కొక్క మనిషి. అందుకే ఈ ఊరిట్లా ఏడుస్తోంది," అనుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఇంకాసేపటికి ఒక కుర్ర పోలీసు వచ్చి, బండి చక్రానికి తగలకుండా కోన్‌ని బూటుతో కాస్త లోపలికి జరిపి, "వాన పడేలోగా కానివ్వు పెద్దాయనా," అన్నాడు. జెరోమ్ చెయ్యెత్తి సలాం పెట్టాడు. ఆ చేతిలో హాక్సా ఉంది.

చివరికి వచ్చేసరికి కోత నెమ్మది చేశాడు. ఎడమచేత్తో కొసని పట్టుకుని, విరక్కుండా, చిట్లకుండా, పూర్తిగా తెగేదాకా కోశాడు. ముక్క అరచేతిలోకి వచ్చింది. పైనంతా గోధుమరంగు, కోసిన చోట మాత్రం తాజా వెన్నముద్దలా పచ్చగా ఉంది. అంచుకి ఆకురాయి పట్టి నున్నగా చేశాడు. కొత్త కోత మెరిసిపోతే బాగుండదని బూటు పాలిష్ అద్ది, పైన కొవ్వొత్తి రుద్దాడు. పొడిని టోపీలోకి ఊడ్చి ఏట్లోకి ఊదేశాడు. ముక్కని దగ్గుబిళ్ళల డబ్బాలో పెట్టుకున్నాడు.

తర్వాత రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మొండివేలు. ఎన్నాళ్ళకి!

"ఇప్పుడు నువ్వేరా," అన్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం గట్టు మీది పబ్బులో బార్టీ పేపరు చదివి వినిపిస్తున్నాడు. బార్టీ పాత రేవు కూలీల సంఘానికి కార్యదర్శి. కళ్ళద్దాలు పెట్టుకున్నాడంటే ఏ వార్తైనా తనే రాసినట్టు చదువుతాడు.

"'రేవు కూలీ విగ్రహంపై దుండగుల దాడి. వేలు నరికివేత.' విన్నావా జెరోమ్? నరికివేతట! వాళ్ళ చేతులు నరకాలి ముందు."

"ఎవరూ చూడలేదా?" అన్నాడు జెరోమ్, గ్లాసు మీది నురగ వైపు చూస్తూ.

"చూశారు, ఉద్ధరించారు," అంది కౌంటరు వెనకావిడ గ్లాసులు తుడుస్తూ. "పదింటికి వేలు ఉందట, పదకొండుకి లేదట. మధ్యలో మునిసిపాలిటీ మనిషి ఒకడు అక్కడే పని చేసుకుంటున్నాడట కూడాను. పక్కనే ఉండి ఒక్క వేలు కాపాడలేకపోయాడు చచ్చినాడు."

"మునిసిపాలిటీ వాళ్ళ సంగతి నాకు చెప్పకు," అన్నాడు బార్టీ.

ఇంకో రోజైతే జెరోమ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. బల్లకి అటువైపు, గోడ పక్క సీటు ఖాళీగా ఉంది. డెన్నీ అక్కడే కూర్చునేవాడు. కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని ఎడమచేత్తో గ్లాసు ఎత్తేవాడు. నలభై ఏళ్ళూ అంతే. ఎన్ని కబుర్లు చెప్పినా, ఎంత నవ్వినా, ఆ జేబులోని చెయ్యి మాత్రం నవ్వేది కాదనిపించేది జెరోమ్‌కి. అది వేరేగా కూర్చుని తననేదో అడుగుతున్నట్టుండేది.

"అసలు డెన్నీకి ఆ వేలుందా బార్టీ?"

బార్టీ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "లేదు. అయితే?"

"అయితే ఏంటి? లేని వేలు పెట్టి చేశారు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టయింది కదా."

"అది విగ్రహం నాయనా. డాక్టరు సర్టిఫికెట్టు కాదు."

"రేవులో పోయిన వేలు అది. రేవు కోసం పెట్టిన విగ్రహంలో దాన్ని కప్పెట్టేస్తే, అది పోనట్టే కదా? అసలేమీ జరగనట్టే కదా?"

గొంతు కాస్త పెద్దదైంది. కౌంటరు వెనకావిడ తుడవడం ఆపింది. బార్టీ పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆ రోజు బరువులెత్తే వించి మీద ఉన్నది నువ్వే కదూ?" అన్నాడు మెల్లిగా.

"తాడు జారింది."

"అవును. తాడు జారింది. డెన్నీయే చెప్పాడు ఫోర్‌మన్‌తో." బార్టీ మళ్ళీ పేపరు తెరిచాడు. "లిమరిక్ నుంచి ఒకావిడ వస్తోందట శుక్రవారం. ముక్క దొరికితే అతికిస్తుందట. దొరక్కపోతే కొత్తది పోత పొయ్యాలి, నెలలు పడుతుంది. ఆదివారం ఆ మొండిచేతికే దండ తగిలించాలి, ఏం చేస్తాం."

"నోనీ ఏమంది?" డెన్నీ భార్య గురించి అడిగాడు జెరోమ్.

"ఏమంటుంది పాపం. నిన్న సాయంత్రం వెళ్ళి వానలో నిలబడిందట. అక్కణ్ణుంచి ఇంటికెళ్ళి తలుపేసుకుంది. నేను రెండుసార్లు కొట్టాను, తియ్యలేదు."

జెరోమ్ గ్లాసు సగంలో వదిలేసి లేచాడు. నోనీ సంతోషిస్తుందనుకున్నాడు. పైకి అనకపోయినా, ఆ చెయ్యి చూడగానే 'మా ఆయనే' అనుకుంటుందనుకున్నాడు.

*

గురువారం కొండ మెట్లెక్కేసరికి అతనికి దగ్గొచ్చింది. తలుపు కొట్టకముందే తెరుచుకుంది.

"రా," అంది నోనీ. "నిన్ననే వస్తావనుకున్నాను."

డెన్నీ భార్య పొట్టి మనిషి. డెబ్భై దాటినా చేతులు మాత్రం పని మానలేదు. వంటింటి బల్ల మీద పుల్లటి రూబార్బ్ కాడలు గుట్టగా ఉన్నాయి. ఆదివారం వచ్చేవాళ్ళకి తీపి చెయ్యడానికి వాటి పీచు తీస్తోంది. అతనికి టీ పోసి, సోడా రొట్టె ముక్కకి వెన్న రాసి ముందు పెట్టి, మళ్ళీ కత్తి అందుకుంది. ఎర్రటి పీచు సన్నగా, పొడుగ్గా ఊడి కాగితం మీద పడుతోంది.

"వెళ్ళి చూశావట," అన్నాడు జెరోమ్.

"చూశాను."

"ఎవరి పనో ఏమో."

"తాగుబోతు వెధవలని రేడియోలో అంటున్నారు." కత్తి ఆగలేదు. "తాగినవాడు ఆకురాయి పట్టడు జెరోమ్. బూటు పాలిష్ అసలే రాయడు."

జెరోమ్ జేబులోంచి దగ్గుబిళ్ళల డబ్బా తీసి, రొట్టె పళ్ళెం పక్కన పెట్టాడు. నోనీ దాన్ని చూసింది గానీ ముట్టుకోలేదు.

"డెన్నీని డెన్నీలా చూడాలనుకున్నాను," అన్నాడు. "ఆ పిల్ల అందం కోసం వేలు పెట్టేసింది. దానికేం తెలుసు? పోయినవారం ఎవరో టూరిస్టావిడ పక్కన నిలబడి ఫోటో తీసుకుంటూ, ఎంత చక్కటి చేతులో అంటోంది. చక్కటి చేతులట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చెయ్యి ఏమైందో ఎవడికీ అక్కర్లేదా అనిపించింది."

"ఆ పిల్ల పెట్టలేదు."

"ఏంటి?"

"వేలు. ఆ పిల్ల పెట్టలేదు. మొండివేలే చేస్తానని కూర్చుంది, పాపం. ఇది చరిత్రండీ, దీన్ని దాచకూడదండీ అని రోజూ గొడవే. నేనూ ఉన్నానక్కడ, ఆయనకి మందు బిళ్ళలు ఇవ్వడానికి వెళ్ళేదాన్ని కదా. ఆయనే ఒప్పుకోలేదు. మట్టి నమూనాలో ఆ పిల్ల మొండివేలు చేసి పెట్టేది, మర్నాడు వెళ్ళి ఈయన నిండువేలు చెయ్యమనేవాడు. చివరికి ఆ పిల్ల అడిగింది, ఎందుకండీ, సిగ్గా అని."

నోనీ ఒక కాడ పూర్తిచేసి, పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"'సిగ్గు కాదమ్మా' అన్నాడు. 'ఆ గట్టు మీంచి రోజూ పబ్బుకి నడిచిపోయేవాడు ఒకడున్నాడు. నేను జేబులో దాచినా, నలభై ఏళ్ళ నుంచీ ఈ వేలినే చూస్తున్నాడు. నేను పోయాకైనా వాడి కళ్ళకి కాస్త విశ్రాంతి ఇద్దాం' అన్నాడు."

జెరోమ్ టీ కప్పు ఎత్తబోయి మళ్ళీ దించేశాడు.

"జేబులో పెట్టుకునేవాడు కదా," అన్నాడు. "నన్ను చూస్తే చాలు. నా మీద కోపంతో అనుకున్నాను."

"ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోలేదు. ఇదిగో, ఇక్కడే బల్ల మీద ఉండేది. ఆ మొండివేలితోనే చక్కెర కలుపుకునేవాడు, నేను తిడుతుండేదాన్ని. కింద మెట్ల దగ్గర నీ దగ్గు వినిపించేది. అప్పుడు పోయేది జేబులోకి. నీకు కనపడకూడదని."

"నోనీ, ఆ రోజు నేను..."

"సిగరెట్టు ముట్టించుకుంటున్నావు." కత్తి ఆగింది, మొదటిసారి. "తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చినరోజే చెప్పాడు. తను చెయ్యెత్తి ఆపమన్నాడట, నువ్వు అగ్గిపుల్లకి గాలి తగలకుండా తల వంచుకున్నావట. ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నన్నూ అననివ్వలేదు."

జెరోమ్ తల వంచుకుని బల్ల చెక్క మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా చెప్పలేకపోయిన మాట అది. చెబుదామని పబ్బు గుమ్మం దాకా వచ్చి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయిన రోజులెన్నో. అది ఈ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తెలిసే టీ పోసి ఇచ్చారు.

"కోపం లేదనుకోకు," అంది నోనీ. "నాకుంది. ఆయనకే లేదు." డబ్బాని వేలితో అతని వైపు తోసింది. "ఆయన అడిగి చేయించుకున్నది ఆ ఒక్క వేలే. తీసుకెళ్ళి ఇచ్చెయ్యి."

"నోనీ..."

"టీ చల్లారిపోతోంది జెరోమ్. తాగు."

*

శుక్రవారం వచ్చినావిడ పేరు గోబ్నెట్. నలభై ఏళ్ళుంటాయి, జుట్టు గుడ్డతో బిగించి కట్టుకుంది. వ్యాను వెనక తలుపు తీసి గొట్టాలూ బ్రష్షులూ దించుతుంటే, జెరోమ్ వెళ్ళి డబ్బా చేతికిచ్చాడు. ఇవాళ పసుపు కోటు వేసుకోలేదు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు.

ఆవిడ ముక్కని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎక్కడ దొరికింది?"

"నా దగ్గరే ఉంది."

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ ముక్క వైపు చూసింది. "ఇంత తిన్నగా కోయడం కష్టం."

"కాగితం చుట్టి కోశాను."

"ఊఁ." ముక్కని తిరిగి డబ్బాలో పెట్టింది. "నన్ను పిలిచింది అతకడానికి. ఎవరు కోశారో కనుక్కోమని పిలవలేదు. మీ చెయ్యి వణుకుతుందా?"

"పని చేసేటప్పుడు వణకదు."

"అయితే ఈ పటకారు పట్టుకోండి."

ఆవిడ రెండు అంచుల మీదా మైనమూ పాలిషూ తుడిచేసింది. చిన్న యంత్రంతో అంచులు ఏటవాలుగా అరగదీసింది. ముక్కని వేలి దగ్గర ఆనించి చూసి నాలుక చప్పరించింది.

"రంపం తిన్నది కొంత, ఆకురాయి తిన్నది కొంత. గోధుమగింజంత మేర పోయింది. ఇట్లాగే కలిపేస్తే ఆ మేరకి పొట్టవుతుంది. ఎవరూ కనిపెట్టలేరనుకోండి. లేదా మధ్యలో కొత్త కంచు నింపాలి. దానికి ఇంకో గంట పడుతుంది."

ఆ గోధుమగింజంత కంచు పొడి ఏట్లో ఊదేసింది తనే. ఆటుపోటుతో ఈపాటికి ఎక్కడికి పోయిందో.

"నింపండి," అన్నాడు జెరోమ్. "నిండుగా ఉండాలని ఆయన అడిగాడు."

"ఎవరు?"

"ఆయనే." గడ్డంతో విగ్రహం వైపు చూపించాడు.

ఆవిడ అతనికి నల్లద్దాలు ఇచ్చి, తను ముసుగు దించుకుంది. పటకారుతో పట్టుకున్న వేలి కొస దగ్గర తెల్లటి వెలుగు చిమ్మింది. వేడి ఇనుములోంచి పాకి అతని చేతికి వచ్చింది. అతను కదల్లేదు. ఒకసారి ఆవిడ ఆపి, "నొప్పిగా ఉంటే చెప్పండి," అంది. లేదని తలూపాడు.

అతుకు చల్లారాక సన్నటి ఆకురాయితో రుద్దుతూ, ఊసుపోకకి అడిగింది. "మీకేమవుతాడు ఈయన?"

జెరోమ్ నది వైపు చూశాడు. ఇప్పుడక్కడ ఓడలు ఆగవు. గాజు ఆఫీసులు నీళ్ళల్లోకి చూసుకుంటున్నాయి.

"నేను వించి మీద ఉన్నవాణ్ణి," అన్నాడు. "ఈయన చెయ్యెత్తి ఆపమన్నాడు. నేను చూడలేదు. సిగరెట్టు ముట్టించుకుంటున్నాను."

రుద్దడం ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి ఇంకా మెల్లిగా, ఇంకా సన్నటి ఆకురాయితో.

తర్వాత వేలిని మంటతో వేడిచేసి, బ్రష్షుతో మందునీళ్ళు అద్దింది. సుయ్‌మని ఆవిరి లేచింది. పచ్చగా మెరుస్తున్న కంచు ముందు టీ రంగుకి, తర్వాత పాత తోలు రంగుకి తిరిగింది. వేడి మీదే మైనం పూసి, గుడ్డతో రుద్ది, వెనక్కి జరిగింది.

"ఇంక అతుకెక్కడో చెప్పండి చూద్దాం," అంది.

జెరోమ్ చెప్పలేకపోయాడు.

*

ఆదివారం గట్టు మీద యాభై మంది దాకా చేరారు. సగం మందికి చేతికర్రలు. బార్టీ కాగితం తీసి ఉపన్యాసం చదివాడు. రేవు గొప్పతనం, కూలీల ఐకమత్యం, డెన్నీ మంచితనం అన్నీ అయ్యాక గొంతు పెంచాడు.

"దేవుడి దయవల్ల ముక్క దొరికింది. కానీ ఈ పాడుపని చేసిన చేతులు ఎవరివైనా సరే, అవి ఎండి రాలిపోవాలని..."

"బార్టీ," అంది నోనీ. గట్టిగా కూడా అనలేదు. "ఇంక చాలు. వాన వచ్చేట్టుంది."

బార్టీ కాగితం మడుచుకున్నాడు. నోనీ చేతిలోని ఆకుల దండ జెరోమ్ వైపు చాపింది.

"నువ్వు వెయ్యి. నా భుజం లేవడం లేదు."

గురువారం ఆ భుజంతోనే ఆవిడ కెటిల్ దించడం, పై అరలోంచి కప్పులు తియ్యడం అతను చూశాడు. దండ తీసుకున్నాడు. ముందుకెళ్ళి కుడిచేతి మణికట్టుకి తగిలించాడు. దండ సర్దే నెపంతో ఆ వేలు తడిమాడు. చల్లగా, నిండుగా ఉంది. గోటితో అతుకు కోసం వెతికాడు. ఎక్కడా తగల్లేదు. తలెత్తి డెన్నీ మొహం చూశాడు. ఇన్నేళ్ళూ కళ్ళు వద్దన్నా పోయి ఆగేందుకు ఒక చోటుండేది. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియలేదు.

వెనక ఎవరో దగ్గారు. జెరోమ్ పక్కకి తప్పుకున్నాడు.

తర్వాత అందరూ పబ్బుకి వెళ్ళారు. నోనీ చేసిన తీపి పళ్ళాల్లో పంచారు. ఎవరో పాత ఓడల పేర్లు లెక్కపెడుతున్నారు, ఎవరో కాదు అది ముందొచ్చిందని వాదిస్తున్నారు. కౌంటరు వెనకావిడ జెరోమ్ ముందు గ్లాసు పెట్టింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు. తొణికి కాస్త బల్ల మీద పడింది.

"అదేంటోయ్, ఎడమచేత్తో తాగుతున్నావు?" అన్నాడు బార్టీ. "కుడిచెయ్యికేమైంది?"

జెరోమ్ కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. పటకారు వేడికి లేచిన బొబ్బ అరచేతిలో చురుక్కుమంటోంది.

"ఏం లేదు. చలి."

"మే నెల్లో చలేంటయ్యా!"

నోనీ వాళ్ళకి ఎదురుగా, గోడ పక్కనున్న డెన్నీ సీట్లో కూర్చుని ఉంది. ఆ జేబు వైపు చాలాసేపు చూసింది. తన పళ్ళెమూ కప్పూ చేతిలోకి తీసుకుని, లేచి ఇటువైపుకి మారి, గోడ పక్క ఆ సీటు అతనికి వదిలింది.